పాట మీద బంటి పేరు

అమ్మానాన్నలు పెట్టిన పేరు భానుప్రసాద్. ఆధార్ కార్డులోనూ, పెళ్లి పత్రికలోనూ తప్ప ఆ పేరు ఇంకెక్కడా పనికి రాలేదు. బోధన్‌లో అందరికీ అతను బంటి. బస్టాండు దాటి శక్కర్‌నగర్ వైపు పోయే రోడ్డు మీద 'డీజే బంటి సౌండ్స్' అని ఒక బోర్డు, బోర్డు కింద షట్టరు, షట్టరు వెనుక మనిషెత్తు స్పీకర్లు, ఆ స్పీకర్ల మధ్య స్టూలు వేసుకుని ముప్పై ఆరేళ్ల బంటి. పొట్ట కాస్త వచ్చింది, జుట్టు కాస్త పోయింది. గొంతు మాత్రం చెక్కు చెదరలేదు. అసలు అతని బతుకంతా ఆ గొంతు మీదే నడిచింది.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, పదేళ్ల కిందట ఫోనులో పాట వినాలంటే దుకాణానికి పోవాల్సి వచ్చేది. గోరంత మెమరీ కార్డు తీసి ఇస్తే, దుకాణం వాడు దాన్ని కంప్యూటరుకు తగిలించి, అడిగిన పాటలన్నీ ఎక్కించి ఇచ్చేవాడు. అప్పట్లో బంటిది అదే పని. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్ వైపు నుంచి వచ్చేవాళ్లకు మరాఠీ పాటలు, పెళ్లివాళ్లకు బరాత్ పాటలు, ముసలివాళ్లకు భజనలు. పొద్దున షట్టరు ఎత్తేసరికే నలుగురు నిలబడి ఉండేవాళ్లు.

అతనికి రెండు అలవాట్లు ఉండేవి. ఎవరి కార్డులో తనకు లేని పాట కనబడినా, చెప్పా పెట్టకుండా తన కంప్యూటరులోకి లాగేసుకోవడం ఒకటి. తన దుకాణం నుంచి బయటికి పోయే ప్రతి పాట మీదా తన పేరు పలికించడం రెండోది. దానికొక సాఫ్ట్‌వేర్ ఉండేది. ఫోల్డరును అందులో పడేస్తే చాలు, ప్రతి పాటలోనూ అర నిమిషానికోసారి 'డీజే బంటి... బోధన్!' అని అతని గొంతు మోగేది. జిల్లాలో డీజేలందరూ చేసేదే అది. కాకపోతే బంటి కొంచెం ఎక్కువ చేశాడు. భజనలో భక్తుడు దేవుడికి దండం పెట్టుకునేలోపు బంటికి పెట్టుకోవాల్సి వచ్చేది.

ఊళ్లోని చక్కెర ఫ్యాక్టరీ మూతబడి సైరను ఆగిపోయిన ఏడాది, అలా లాగేసుకున్న పాటల్లో ఒకటి అతని జాతకాన్నే మార్చేసింది. అది మామూలు పాట కాదు. గబగబా మాటలు గుప్పించే ర్యాపు పాట. పాడింది మధుకర్ అనే కుర్రాడు.

'గేటు కాడ బండి, బండి మీద చెరుకు,
చెరుకు మీద ఎండ, ఎండకు లేదు ఎరుక,
కూత పెట్టే సైరను గొంతు మూసుకున్నది,
కూలి చేసే నాయన కాళ్లు ముడుసుకున్నడు.'

మాటలు మధుకర్‌వని అందరికీ తెలుసు. కానీ ఆ మాటల కింద ఒక సంగీతం నడిచేది. కచ్ కచ్... కచ్చ్ అంటూ సన్నగా ఒక చప్పుడు, దాని వెనుక గుండె కొట్టుకున్నట్టు మెల్లగా ఒక దెబ్బ. వింటే కాలు ఆగేది కాదు. ఆ సంగీతం చేసిందెవరని అడిగేవాళ్లకు పాటే జవాబు చెప్పేది, 'డీజే బంటి... బోధన్!' అని. ఇంకేం కావాలి? ఆ ఏడాది వినాయకుడి ఊరేగింపుల్లో ఆ పాట మోగని వీధి లేదు. మెమరీ కార్డుల కాలం పోయి, ఆ రోడ్డు మీద దుకాణాలన్నీ ఒక్కొక్కటిగా మూతబడుతుంటే, బంటి ఒక్కడే ఆ పేరు పట్టుకుని స్పీకర్లు కొని నిలబడ్డాడు. పిల్లనిచ్చిన మామ కూడా 'చెరుకు బండి పాట చేసిన పిలగాడు' అనే ఇచ్చాడు.

బంటి ఎవరితోనూ ఔననలేదు, కాదనలేదు. నవ్వేవాడు. ఆ నవ్వుతో పదేళ్లు గడిచిపోయాయి. సంగీతం కూడా మధుకరే చేసి ఉంటాడని, ఏదో ఒక రోజు వచ్చి కాలరు పట్టుకుంటాడని లోపల ఒక భయం మాత్రం ఉండేది. మధుకర్ రాలేదు. నిజామాబాద్‌లో ఏదో పని చూసుకున్నాడని విని, బంటి ఊపిరి పీల్చుకున్నాడు.

మొన్న మృగశిర వెళ్లిన వారానికి హైదరాబాద్ నుంచి ఫోను వచ్చింది. స్నేహలత అట, పాటల కంపెనీలో పనిచేస్తుందట. ఎవరో ఆ పాటకు రీల్ చేస్తే లక్షల మంది చూశారట. దాన్ని పద్ధతిగా, పేర్లన్నీ వేసి విడుదల చేద్దామనుకుంటున్నారట.

"మ్యూజిక్ ప్రొడ్యూస్ చేసింది మీరే కదండీ?"

"నేనే మేడం," అన్నాడు బంటి. అతను అనలేదు, పదేళ్ల అలవాటు అనేసింది.

"మంచిదండీ. పాట మీద పడిన ఆ గొంతు తీసేయాలి కాబట్టి మాకు ముక్కలు విడివిడిగా కావాలి. డ్రమ్ము వేరుగా, కింద మోగే బేస్ వేరుగా. చేసినవాళ్ల దగ్గర అవి ఉంటాయి కదా. పది రోజుల్లో పంపించండి. లేకపోతే ఈ పాట పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంటాం, ఏమనుకోకండి."

ఫోను పెట్టేశాక బంటి షట్టరు సగం దించుకున్నాడు. ముక్కలు లేవంటే అబద్ధం బయటపడుతుంది. పంపకపోతే పాట పోతుంది. అయిదు రోజులు స్పీకర్ల మధ్య కూర్చుని చివరికి ఒక ఉపాయం ఆలోచించాడు. అదేమంత గొప్ప ఉపాయం కాదు. మధుకర్ దగ్గరికి పోయి, మంచి మాటలు చెప్పి, ఆ ముక్కలేవో అడిగి తెచ్చుకోవాలి. పేరు సంగతి మాత్రం ఎత్తకూడదు. మన కథానాయకుడు ఆ రోజు బస్సెక్కింది ఈ బుద్ధితోనే, దాచిపెట్టి లాభం లేదు.

నిజామాబాద్ పసుపు మార్కెట్ యార్డులో మధుకర్ తూకం దగ్గర పనిచేస్తున్నాడు. చొక్కా, చేతులు, కనురెప్పలు అన్నీ పసుపే. బంటిని చూడగానే బస్తాల మీద నుంచి దూకి వచ్చి గట్టిగా వాటేసుకున్నాడు.

"బంటన్నా! నువ్వే వచ్చినవా! ఎన్నేండ్లాయెనే సూడక!"

బంటి తెల్ల చొక్కా మీద రెండు పసుపు చేతులు అచ్చుపడ్డాయి. కాలరు పట్టుకుంటాడనుకున్న మనిషి కౌగిలించుకునేసరికి, తయారు చేసుకొచ్చిన మంచి మాటలన్నీ మరిచిపోయాడు.

"తమ్మీ, గా చెరుకు బండి పాట ఉంది గదా... దాని మ్యూజిక్ ముక్కలు నీ కాడ ఉన్నయా?" అని నీళ్లు నమిలాడు.

"నా కాడ ఎట్లుంటయే? మ్యూజిక్ నీది గదా!"

వెటకారమేమోనని బంటి అతని మొహం చూశాడు.

"యాది లేదా అన్నా?" అన్నాడు మధుకర్. "డిగ్రీ తప్పి ఇంట్ల కూసున్న. ఫ్యాక్టరీ బందై బాపు మాట్లాడుడే మానేసిండు. నోట్లె మాటలు తిరుగుతున్నయి గని పాడుదామంటే దేని మీద పాడాలె? నీ దుకాణంకొచ్చి, పాటలు లేని వట్టి మ్యూజిక్ ఉంటే ఎక్కియ్యన్నా అన్న. ఎక్కిచ్చినవ్. ఇన్న. పానం లేసొచ్చింది. మల్లొచ్చి గిది ఎవలు చేసిన్రన్నా అని అడిగిన. నువ్వు తలకాయ సుత ఎత్తకుంట, 'పేరు ఇనవడ్తలేదా?' అన్నవ్."

ఆ మాట బంటికి గుర్తు లేదు. కానీ తనే అని ఉంటాడని తెలుస్తూనే ఉంది.

"గా మ్యూజిక్ మీదనే ఫోన్ల పాడిన. గా పాట లేకుంటే ఆ ఏడు నేనేమైతుంటినో నాకే ఎర్క లేదు. బోధన్ వచ్చినప్పుడల్లా నీ దుకాణం ముంగట్నుంచి పోయెటప్పుడు నీ బోర్డుకు దండం పెట్టుకొని పోత అన్నా, ఒట్టు. లోపటికొచ్చి చెప్దామంటే సిగ్గయితది."

తిట్టి ఉంటే బంటి తట్టుకునేవాడు. పదేళ్లుగా ఒక మనిషి తన బోర్డుకు దండం పెట్టుకుంటున్నాడంటే తట్టుకోలేకపోయాడు. పసుపు బస్తా మీద కూలబడ్డాడు.

"తమ్మీ, నాకు డప్పు కొట్టుడు సుత రాదు. గా మ్యూజిక్ నేను చెయ్యలే. నువ్వు చేసినవనుకున్న. నీ పాట మీద నా పేరు కొట్టుకొని ఇన్నేండ్లు బతికిన. ఇయ్యాల సుత నీ కాడ అవి గుంజుకపోదామనే వచ్చిన."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీది అంటే నీది అనుకుంటూ పదేళ్లు గడిపిన ఇద్దరు మగాళ్లు. ముందు మధుకర్‌కు నవ్వొచ్చింది, తర్వాత బంటికి. నవ్వి నవ్వి మధుకర్ కళ్లు తుడుచుకుంటే రెప్పల నిండా పసుపు మండింది.

"మరి ఎవలు చేసినట్టన్నా?"

అప్పుడు బంటికి ఒక సంగతి తట్టింది. ఆ పాటలో అతని పేరు వచ్చిన ప్రతిసారీ రెండుగా వినబడుతుంది. ఒకటి గట్టిగా, ఒకటి మధుకర్ గొంతు కింద మసక మసకగా. జనం అది స్టైలనుకున్నారు. అతను సాఫ్ట్‌వేర్ తప్పనుకున్నాడు. ఇప్పుడు అర్థమైంది. మధుకర్ పాడకముందే, ఆ వట్టి సంగీతం మీద ఒకసారి పేరు పడి ఉంది. అంటే అంతకు ముందే అది దుకాణానికి వచ్చిన ఎవరో గిరాకీ కార్డులోంచి తన కంప్యూటరులోకి వచ్చి ఉండాలి.

మర్నాడు మధ్యాహ్నం మధుకర్ సెలవు పెట్టి బోధన్ వచ్చాడు. ఇద్దరూ బంటి ఇంటి అటక మీద నుంచి పాత కంప్యూటరు దించి, దుమ్ము దులిపి, మెకానిక్‌ను బతిమాలి ఎలాగో వెలిగించారు. ఫోల్డర్లు వందలున్నాయి. గిరాకీల పేర్లు అడిగే తీరిక బంటికి ఎన్నడూ ఉండేది కాదు, మనిషిని చూసి ఫోల్డరుకు పేరు పెట్టేవాడు. 'ఎర్ర లూనా', 'మద్నూర్ తాత', 'బట్టతల సారు'. తన నిర్వాకం చూసి తనే సిగ్గుపడుతూ ఒక్కొక్కటీ తెరుస్తూ పోయాడు. 'ఎడపల్లి నల్ల గొడుగు' అనే దాంట్లో ఏడు పాటలున్నాయి. వాటికి పేర్లు లేవు. 'అవ్వ 1', 'అవ్వ 2' అంటూ ఏడు దాకా ఉన్నాయి. అవ్వ అంటే ఈ వైపు అమ్మే.

నాలుగోది పెట్టగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు. అదే. మధుకర్ గొంతు లేదు, బంటి పేరూ లేదు. మొట్టమొదటిసారి అది ఒంటరిగా వినబడింది. కచ్ కచ్... కచ్చ్.

"ఏం మిషనో అన్నా ఇది," అన్నాడు మధుకర్.

చాయ్ తెచ్చిన బంటి భార్య సౌందర్య గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమెది కమ్మర్‌పల్లి. పెళ్లయ్యేదాకా తల్లితో కలిసి బీడీలు చేసిన మనిషి.

"మిషనేంది? కత్తెర గది. తునికాకు కత్తిరిస్తున్రు," అంది. "ఎన్కాల డబ్ డబ్ అంటున్నది సూడు, బీడీ కట్ట కుదురుగ రావాలెనని చాట మీద కొట్టుడు. నా పెండ్లి కాకముందు నుంచి ఇంటున్న ఈ పాట, నాకెప్పుడు తట్టలే!" ఆమె చాయ్ గ్లాసులు కింద పెట్టి మళ్లీ విని, "మరి నువ్వు చేసినవనే గదా మా నాయన నన్ను నీకిచ్చింది?" అని మొగుడి వైపు చూసింది. బంటి చాయ్ గ్లాసులోకి చూశాడు.

ఆదివారం ఇద్దరూ బండి మీద ఎడపల్లి బయలుదేరారు. ఎనిమిది రోజులు గడిచిపోయాయి, ఇంకా రెండే మిగిలాయి. దారి పొడుగునా బంటికి తన బోర్డే కళ్ల ముందు కదిలింది. అసలు మనిషి దొరికితే బోర్డు మీద ఆ పేరుకు విలువేముంటుంది? దొరకకపోతేనే నయం కదా అని కూడా ఒకసారి అనిపించింది. వెనక కూర్చున్న మధుకర్ 'నల్ల గొడుగు, నల్ల గొడుగు' అని పాట కట్టి పాడుతుంటే ఆ ఆలోచన ఎక్కువసేపు నిలవలేదు.

ఎడపల్లిలో ఒక ఇంటి అరుగు మీద అయిదుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. బంటి సంగతి చెప్పబోయి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఫోను తీసి ఊరికే ఆ చప్పుడు వినిపించాడు. చేతులు ఆడుతూనే ఉన్నాయి, చెవులు మాత్రం ఇటు తిరిగాయి. వాళ్లలో పెద్దావిడ లింగవ్వ.

"మల్ల పెట్టు బిడ్డా," అంది.

మళ్లీ పెట్టాడు.

"రెండు పొట్టిగ, ఒకటి పొడుగ్గ. ఊళ్లె గిట్ల కత్తిరించేది ఒక్కతే. పెంటవ్వ. ఎడమ చెయ్యి వాటం మనిషి. ఆకు తిప్పి పట్టుకుంటది, గందుకే మూడోది సాగుతది." మిగతా నలుగురూ తలలూపారు. ఒకామె తన కత్తెరతో ఆ చప్పుడు అనుకరించి కూడా చూపించింది. "ఆమె చేసుడు బందుపెట్టి నాలుగేండ్లాయె. నీకెక్కడ దొరికింది బిడ్డా ఆమె కత్తెర?"

మనిషి గొంతును బట్టి మనిషిని పోల్చుకోవడం బంటికి తెలుసు. ఇన్నేళ్లకు కత్తెరను బట్టి పోల్చుకునేవాళ్లను చూసి, తను చేసిన డీజే పని ఏపాటిదో అర్థమైంది.

పెంటవ్వ ఇల్లు రెండు సందుల అవతల. వాకిట్లో ముప్పై ఏళ్లు దాటిన ఒకామె బట్టలు ఆరేస్తోంది. తలుపు పక్కన మేకుకు నల్ల గొడుగు వేలాడుతోంది. బంటి వాకిట్లోనే ఆగిపోయాడు.

"అక్కా, మేము బోధన్ నుంచి..." అన్నాడో లేదో, లోపలి నుంచి ఒక ముసలి గొంతు కేక వేసింది.

"సుకన్యా! బంటి గాదే ఆ గొంతు? డీజే బంటి బోధన్! లోపటికి రమ్మను!"

సుకన్య చేతిలోని తడి చీర అలాగే పట్టుకుని అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో, ఏముందో అతనికి తెలియలేదు. "రండి," అంది.

పెంటవ్వ మంచం మీద కూర్చుని ఉంది. వేళ్లు కణుపుల దగ్గర వంగిపోయి ఉన్నాయి. బంటిని దగ్గర కూర్చోబెట్టుకుని, మొహం తడిమి, "ఇంత లావున్నవా! గొంతు ఇని బక్కపలసటోడివి అనుకున్న," అంది. బంటికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేసిన తప్పు ఏమీ దాచకుండా చెప్పేశాడు, మధ్యలో మధుకర్ అందుకోబోయినా ఆపి మరీ. సుకన్య గోడకు ఆనుకుని అంతా వింది.

"నాకు ముందుగాల్నే తెలుసు," అంది. "ఆ మ్యూజిక్ నేనే చేసిన."

పదేళ్ల కిందట ఆమె బోధన్‌లో ఒక కంప్యూటర్ సెంటరులో నేర్చుకుంటూ, చిన్న పిల్లలకు నేర్పుతూ ఉండేది. మధ్యాహ్నాలు సెంటరు ఖాళీ. కంప్యూటరులో సంగీతం చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటే తనంతట తనే నేర్చుకుంది. అదే ఏడాది పెంటవ్వకు కీళ్ల జ్వరం వచ్చి చేతులు మందగించాయి. రోజుకు ఇన్ని బీడీలని ఇవ్వకపోతే కార్ఖానాలో పేరు తీసేస్తారు. ముప్పై ఏళ్ల పేరు. తల్లి జ్వరానికి ముందు ఆకు కత్తిరిస్తున్న చప్పుడు సుకన్య ఫోనులో రికార్డయి ఉంది. ఆ పాత వేగానికే సంగీతం కట్టింది, వింటే చేతులకు పాత నడక గుర్తొస్తుందేమోనని.

"వేరే పాటలు ఎక్కిచ్చుకుందామని మీ దుకాణంల కార్డిచ్చిన. మీరు ఉన్నవి సుత తీసి, అన్ని కలిపి మల్ల ఎక్కిచ్చిన్రు. ఇంటికొచ్చి పెడితే నా మ్యూజిక్ మీద మీ పేరు. ఆ దినమంత ఏడ్సిన. మర్నాడు కొట్లాడుదామని గొడుగు పట్టుకొని మీ దుకాణం దాక వచ్చిన. ముంగట పది మంది పోరగాళ్లు. ఆడివిల్ల మ్యూజిక్ చేసిందంటే నవ్వుతరని మర్లి వచ్చిన."

బంటి తల వంచుకున్నాడు.

"ఇంటికొచ్చేసరికి మా అవ్వ అదే పెట్టుకొని చేస్తున్నది. మీ పేరు అర నిమిషానికి ఒకసారి వస్తది గదా. పేరు వచ్చేలోపట ఒక బీడీ చాటల పడాలెనని మీతోని పందెం పెట్టుకున్నది. 'ఇయ్యాల బంటిగాన్ని గెలిచిన' అనేది, 'ఇయ్యాల గెలిచిండు ముండాకొడుకు' అనేది. పేరు లేని మ్యూజిక్ మల్ల చేసిస్త అంటే వద్దన్నది. ఆరేండ్లు చేసింది అట్లనే. కార్ఖానల పేరు తియ్యలే. ఇప్పుడు పింఛన్ వస్తున్నది." సుకన్య గోడ వదిలి తల్లి పక్కకు వచ్చింది. "దొంగతనం దొంగతనమే అన్నా. గది మాఫ్ చెయ్య. గని మా అవ్వ చేతులకు మీ గొంతు ఆసరైంది. గది సుత మర్వ."

ఏళ్లుగా ఎవరెవరో బంటికి శాలువాలు కప్పారు, పూలదండలు వేశారు. అవేవీ అతని కంట తడి పెట్టించలేదు. ఇక్కడ, ఈ తిట్టు కలిసిన మాటకు మాత్రం కళ్లు నిండిపోయాయి. పెంటవ్వ వంగిపోయిన వేళ్లను రెండు చేతుల్లోకి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. తన పొట్ట నింపింది, ఇల్లు నిలబెట్టింది, సౌందర్యను ఇంటికి తెచ్చింది ఈ చేతులే. తను దండం పెట్టవలసింది ఎవరికో ఇన్నాళ్లకు తెలిసింది.

అక్కడి నుంచే స్నేహలతకు ఫోను కలిపి, అందరికీ వినబడేలా పెట్టాడు. "మేడం, ఆ దినం మీకు అబద్ధం చెప్పిన. మ్యూజిక్ చేసింది నేను కాదు. చేసినామె పేరు సుకన్య. పక్కనే ఉన్నది." స్నేహలత అయితే ముక్కలున్నాయా అని అడిగింది. సుకన్య లేచి, అలమరలో బీడీ దారపు ఉండలుండే రేకు డబ్బా తీసింది. దాని అడుగున ఒక పెన్‌డ్రైవ్ ఉంది. ఏడు పాటల ముక్కలూ పదేళ్లుగా అందులో భద్రంగా ఉన్నాయి. ఏడేం ఖర్మ, ఇంకా చాలా ఉన్నాయి. ఆమె ఇప్పుడు కంప్యూటరు చెప్పే బడిలో పొద్దున పిల్లలు డ్రిల్లు చేసేది ఆమె సంగీతానికేనట. ఎవరు చేశారని ఇంతవరకు అక్కడ ఎవరూ అడగలేదట.

"ఇప్పుడడుగుతరు," అన్నాడు మధుకర్.

"సరేనండీ, చాలా సంతోషం," అంది స్నేహలత. "ప్రొడ్యూసర్‌గా సుకన్య గారి పేరే వేస్తాం. ఆ డీజే గొంతు తీసేస్తాం."

పెంటవ్వ మంచం మీద ముందుకు వంగింది. "తీసేస్తరా? మరి ఒకటైందని ఎట్ల తెలుస్తది?"

సుకన్య తల్లి వైపు చూసి, బంటి వైపు చూసి, ఫోను అందుకుంది. "గొంతు ఉండనీయండి మేడం. అదే చోట, అదే గొంతు. పేరు ఒక్కటి మారుస్తాం. ఇప్పుడే పంపిస్తా."

వాకిట్లో ఆడుకుంటున్న వీధి పిల్లలను అల్లరి చేయొద్దని చెప్పి, ఆమె తలుపు వేసి, తన ఫోను బంటి నోటి ముందు పెట్టింది. పదేళ్లలో కొన్ని వేలసార్లు పాటల మీద మోగిన గొంతది. మొదటిసారి అతని నోట 'డీజే' అనే వచ్చింది. రెండోసారి సగంలో ఆగింది. మూడోసారి జీర పోయింది. మధుకర్ నీళ్లిచ్చాడు. బంటి గొంతు సవరించుకుని, కళ్లు మూసుకుని, పాత రోజుల్లో దుకాణంలో కూర్చుని పలికినట్టే పలికాడు.

"సుకన్య... ఎడపల్లి!"

ఆమె తన ల్యాప్‌టాపులో దాన్ని సంగీతం మీద పెట్టి, సరిగా వచ్చిందో లేదో చూడటానికి మొదటి నుంచి మోగించింది. కచ్ కచ్... కచ్చ్. పెంటవ్వ కళ్లు మూసుకుంది. వంగిపోయిన బొటనవేలు చూపుడు వేలి మీద మెల్లగా దొర్లడం మొదలుపెట్టింది. అందులో ఆకు లేదు, తంబాకు లేదు. అర నిమిషానికి బంటి గొంతు ఆమె బిడ్డ పేరు పలికింది. పెంటవ్వ చెయ్యి పక్కకు పోయి, చాట ఉండే చోట ఏదో వదిలి వచ్చింది.

"ఒకటి," అంది.

మళ్లీ వేళ్లు దొర్లాయి. మళ్లీ పేరు వచ్చింది.

"రెండు."